బేతాళుడి గీత ఈ పెన్నుకు వస్తుందా? పెన్ టాబ్లెట్ రివ్యూ

నమస్కారం. నా బల్ల మీద కనిపిస్తున్న ఈ పెన్ టాబ్లెట్‌ను, అంటే పెన్నుతో తెర మీదే బొమ్మ గీసే పరికరాన్ని, మూడు వారాలుగా వాడుతున్నాను. కంపెనీ వారు ఉచితంగా పంపారు, తిరిగి ఇవ్వనక్కర్లేదన్నారు. ఆ సంగతి ముందే చెప్పడం నా బాధ్యత. తెర ఎన్ని అంగుళాలు, ఏ కేబుల్ వస్తుంది, రంగులు ఎలా ఉంటాయి, ఇవన్నీ మీరు ఈపాటికే వేరే వీడియోల్లో చూసి ఉంటారు. నేను చూసింది ఒక్కటే: దీని మీద శంకర్ గారి గీత వస్తుందా, రాదా?

శంకర్ గారంటే చందమామ శంకర్. అసలు పేరు కె.సి. శివశంకరన్. భుజాన శవం, చేతిలో కత్తి, శ్మశానంలో నడుస్తున్న విక్రమార్కుడు. ఆ బొమ్మ ఆయనదే. 1950ల మొదట్లో చందమామలో చేరి, సుమారు అరవై ఏళ్లు దానికే బొమ్మలు వేశారు. 2020 సెప్టెంబరులో కన్నుమూశారు. నాలుగు నెలల తర్వాత పద్మశ్రీ ప్రకటించారు. ఆ వార్త చదివిన రోజు నాకు సంతోషం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ఒక్క ఏడాది ముందు ఇచ్చి ఉంటే ఆయన చేతికే అందేది కదా!

ఇదిగో, ఈ పుస్తకం చూడండి. కెమెరా దగ్గరికి తెస్తున్నాను. మా అమ్మమ్మ ఏడాది చందమామలన్నీ కలిపి బైండు చేయించేది. ఈ పేజీ మీద పచ్చగా మరక కనిపిస్తోందా? కొబ్బరి నూనె. తెల్ల కాగితానికి నూనె రాస్తే కింద ఉన్న బొమ్మ కనిపిస్తుందని మా అన్నయ్య చెప్పాడు. వేసవి సెలవుల్లో మధ్యాహ్నాలన్నీ అలాగే దిద్దాను. నూనె మూడు పేజీల లోపలికి దిగింది. అమ్మమ్మ చూసి తిట్టలేదు. మర్నాడు బజారు నుంచి ట్రేసింగ్ కాగితం తెచ్చి ఇచ్చింది.

అలా దిద్దుతూ ఉంటే చేతికి ఒకటి తెలిసింది. విక్రమార్కుడి భుజం దగ్గర గీత సన్నగా మొదలవుతుంది, శవం బరువు పడే చోట లావెక్కుతుంది, మోచేతి దగ్గరికి వచ్చేసరికి వెంట్రుకలా సన్నబడి ఆగిపోతుంది. శవం బరువుగా ఉందని కథ చెప్పనక్కర్లేదు, గీతే చెబుతుంది. నేను ఇప్పుడు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసి బతుకుతున్నాను. ఆ పనికి పునాది ఈ నూనె మరకే.

ఇక పెన్ను దగ్గరికి వస్తాను. పెట్టె మీద 8192 ఒత్తిడి స్థాయిలు అని పెద్ద అక్షరాలతో వేశారు. పెన్నును ఎంత నొక్కుతున్నామో అన్ని మెట్లుగా గుర్తిస్తుందని అర్థం. ఆ అంకెతో నాకు పని లేదు. పెన్ను మొన తెరను తాకీ తాకనట్టు ఉన్నప్పుడు గీత పడుతుందా లేదా, అది కావాలి. మొదటి వారం పడలేదు. గీత చివర సన్నబడాల్సిన చోట పుటుక్కున తెగిపోయింది. పాముకు తోక కోసేసినట్టు! భుజం గీతను యాభై సార్లు గీసి ఉంటాను, యాభై సార్లూ తోక లేదు. చాలా చిరాకు వేసింది. ఇంత ఖరీదు పెట్టి అమ్మే వస్తువు, పెన్ను సున్నితంగా పట్టే చేతిని గుర్తించకపోతే ఎలా?

రెండో వారం సెట్టింగుల్లోకి వెళ్లి ప్రెషర్ కర్వ్ మార్చాను. ఎంత నొక్కితే గీత ఎంత లావు రావాలో చెప్పే వంపు అది. మొదట్లో ఉన్న వంపును బాగా పైకి లాగాను. పెట్టెలో ప్లాస్టిక్ మొనలతో పాటు ఫెల్ట్ మొనలు, అంటే గుడ్డలాంటి మెత్తని మొనలు కూడా ఇచ్చారు, ఒకటి తొడిగాను. ప్లాస్టిక్ మొన గాజు మీద జారిపోతుంది. ఫెల్ట్ మొన కాగితం మీద నడిచినట్టు కాస్త పట్టుకుంటుంది. అప్పుడు వచ్చింది! సన్నం, లావు, మళ్లీ సన్నం, చివర వెంట్రుక. రాత్రి పదకొండు దాటాక అన్నయ్యకు ఆ గీత ఫోటో తీసి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు, అరగంట మాట్లాడుకున్నాం.

నా మొదటి టాబ్లెట్‌కు తెర లేదు, ఉత్త పలక మీద గీస్తే బొమ్మ కంప్యూటర్‌లో కనిపించేది. వాలు గీతను మెల్లగా లాగితే వణికేది. దీనిలో ఆ వణుకు లేదు. స్టాండు కాస్త ఊగుతుంది, తెర గంటసేపటికి వెచ్చబడుతుంది. ఆ రెండూ నేను పట్టించుకోను.

కథల సంగతి కూడా చెప్పాలి. పోయిన నెల ఒక ప్రచురణకర్త, మీ అడవిలో చెట్లకు ఇన్ని మెలికలు ఎందుకండీ అని అడిగారు. అవి చందమామ సీరియల్స్‌కు చిత్ర గారు వేసిన చెట్లు. ఆయన అసలు పేరు టి.వి. రాఘవన్. ఏ బడిలోనూ బొమ్మలు నేర్చుకోలేదు. ఆ సీరియల్స్ రాసినవారి పేరు పత్రికలో వేసేవారు కాదు. దాసరి సుబ్రహ్మణ్యం గారని నాకు పెద్దయ్యాక తెలిసింది, అదీ ఎక్కడెక్కడో ఉన్న పాఠకులు పాత సంచికలు వెతికి, ఒకరికొకరు చెప్పుకొని, ఓపికగా రాసి పెట్టడం వల్ల. పత్రిక ఆగిపోయి పదేళ్లు దాటింది. వాళ్లు మాత్రం ఆగలేదు. చందమామ పిచ్చివాళ్లమని తమకు తామే పేరు పెట్టుకున్నారు. వాళ్లు రాసినవి చదివాకే నేను ఉద్యోగం చేస్తూ వదిలేసిన బొమ్మలను మళ్లీ మొదలుపెట్టాను.

కొనవచ్చా? రంగులు నింపడమే మీ పని అయితే ఇంతకన్నా చవకవి చాలు. గీత కోసం ప్రాణం పెట్టేవాళ్లయితే కొనండి. ఇది ఉచితంగా రాకపోయినా నేను కొనేదాన్ని. ఫెల్ట్ మొనలు మాత్రం కొన్ని అదనంగా తీసుకోండి, నాది మూడు వారాలకే సగం అరిగింది.

కత్తి, శవం అయిపోయాయి. బేతాళుడు మిగిలాడు. ఇప్పుడు మీ ముందే గీస్తాను, గీస్తున్నంతసేపూ మాట్లాడను. నోరు విప్పితే మళ్లీ చెట్టెక్కేస్తాడు.