కుడితి గోలెం ఎటు పోయింది?

శ్రోతలకు నమస్కారం.

మా అమ్మమ్మది పరకాల దగ్గర ఒక పల్లె. వాళ్లింటి వెనక కొట్టం పక్కన కుడితి గోలెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, సొరకాయ తొక్కలు, మేం పిల్లలం కంచంలో వదిలేసిన అన్నం, అన్నీ అందులోకే. పొద్దుగూకేసరికి అది బర్రె కడుపులోకి పోయేది. బర్రె ముట్టనిది, ఊడ్చిన ఆకు అలము, పేడ పెంటకుప్ప మీదికి చేరేవి. వానలు పడేముందు ఆ పెంటను బండ్లకెత్తి పొలానికి తోలేవాళ్లు. చినిగిన చీరలు బొంతలయ్యేవి. చెత్తబుట్ట అనే వస్తువును ఆ ఇంట్లో నేను చూసినట్టు గుర్తులేదు.

ఆ కాలమే బంగారం అని చెప్పడానికి రాలేదు. ఆ పెంటకుప్ప మీద ఈగలు, దోమలు కూడా దండిగానే ఉండేవి. నేను చెప్పదలచుకుంది వేరే. ఒకసారి ఆడుకుంటూ ఒక మేకు ముక్కను గోలెంలో పడేశాను. అమ్మమ్మ కొంగు నడుముకు చుట్టి, మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికి తీసింది. ఆ తర్వాత నా వీపు సంగతి మీరు ఊహించుకోవచ్చు. కుడితిలో ఇనుము పడితే బర్రె ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఆ ఇంట్లో తడి చెత్త, పొడి చెత్త ఏనాడూ కలవలేదు. ఆమెకు ఎవరూ చట్టం చెప్పలేదు, పోస్టరు అంటించలేదు. కలిపితే నష్టపోయేది ఎదురుగా కొట్టంలో కట్టేసి ఉంది, అంతే.

ఇప్పుడు మేం హనుమకొండలో ఉంటున్నాం. బర్రె లేదు, కొట్టం లేదు, పెరడు కూడా లేదు. తొక్కలు మాత్రం ఉన్నాయి. మన దేశంలో నగరాల ఇళ్లలో పోగయ్యే చెత్తలో దాదాపు సగం, చాలా చోట్ల సగానికి పైనే, ఇలాంటి తడి చెత్త. మొన్నమొన్నటిదాకా అదంతా ఒకే నల్ల కవర్లో ముడేసి ఇచ్చేవాణ్ణి. రిటైరైన మాస్టర్ని, పిల్లలకు పరిసరాల పరిశుభ్రత పాఠం చెప్పినవాణ్ణి. అయినా అంతే.

ఒకరోజు చెత్త ఆటో వచ్చింది. అందులో పనిచేసే అక్క నా కవరు విప్పింది. పులుసులో నానిన పేపర్, దానికి అంటుకున్న పాల ప్యాకెట్లు, అడుగున పగిలిన గాజు గ్లాసు. గ్లాసు ముక్క ఆమె వేలికి గీసుకుంది. గట్టిగా ఏమీ అనలేదు. చెయ్యి దులుపుకుంటూ, ‘‘సారూ, గీ పేపర్ పొడిగ ఇస్తే ఎవలన్న కొంటరు. పులుసు పోసి ఇస్తే నేనేం జేస్కోవాలె?’’ అంది. నేను లోపలికి వెళ్లి పట్టీ తెచ్చి ఇచ్చాను. జవాబు మాత్రం ఇవ్వలేకపోయాను.

ఆలోచిస్తే ఆమె మాటలోనే అంతా ఉంది. పేపరు, అట్టపెట్టె, పాల కవరు, నీళ్ల సీసా, డబ్బా, ఇవి చెత్త కావు, సరుకు. పాత సామాన్ల బండివాడు కాటా వేసి డబ్బులిచ్చి మరీ తీసుకెళ్తాడు. పాత అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడితే, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి పట్టే కరెంటులో, ఇంధనంలో 95 శాతం దాకా మిగులుతుంది. ఆ సరుకును చెత్తగా మార్చేది మన వంటింటి పులుసే. తడి చెత్త పరిస్థితీ అదే. విడిగా ఉంటే ఎరువు. ప్లాస్టిక్‌తో కలిసి డంపింగ్ యార్డులో గుట్ట కింద పడితే గాలి ఆడక కుళ్లి మీథేన్ వాయువు అవుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే పాతిక రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. నిప్పు తగిలితే అంటుకుంటుంది కూడా. మన డంపింగ్ యార్డు ఉన్న మడికొండ, రాంపూర్ వైపు ఉండేవాళ్లకు ఆ వాసన సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ గుట్టలో నా నల్ల కవర్లు కూడా ఉన్నాయి.

మన ఊరికి ఇది కొత్త కాదు. 2012 అక్టోబరులో వరంగల్‌లో వారం రోజుల పాటు శుభ్ర నగరాల పోటీ జరిగింది. వేరే ఊళ్ల మున్సిపల్ సిబ్బంది కూడా వచ్చి, ఇంటింటికీ తిరిగి తడి, పొడి వేరుగా తీసుకున్నారు. దేశమంతటికీ 2016లో వచ్చిన నిబంధనలు కూడా చెత్తను ఇంట్లోనే వేరు చేయమన్నాయి. అంటే ఉపాయం మనకు తెలియక కాదు, నాలుగు రోజులు చేసి వదిలేయడం వల్ల వచ్చింది తిప్పలు.

సరే, తొక్కలను ఇంట్లోనే ఎరువు చేద్దామన్న నా ప్రయోగం సంగతి చెప్తాను. ఒక పాత పెయింటు బకెట్‌కు చుట్టూ చిల్లులు పెట్టి బాల్కనీలో ఉంచాను. వారం రోజులు తొక్కలన్నీ అందులో వేశాను. ఎనిమిదో రోజుకు కంపు, అడుగున తెల్ల పురుగులు, కింది ఫ్లోర్ వాళ్ల ఫిర్యాదు. మా ఇంటావిడ, ‘‘బడిల పిల్లలకు గిదేనా చెప్పింది?’’ అంది. తప్పు ఎక్కడంటే, తడి మీద తడి వేస్తూ పోయాను. తొక్కలకు గాలి ఆడాలి, తేమను పీల్చే పొడి సరుకు తోడుండాలి. ఇప్పుడు ఒక గిన్నెడు తొక్కలు వేస్తే దాని మీద గిన్నెడు ఎండుటాకులు లేదా కొబ్బరి పొట్టు. మొదట్లో ఒక గ్లాసు పుల్లటి మజ్జిగ. మూడు రోజులకోసారి కర్రతో కలపడం. వండిన కూరలు, మాంసం, నూనె మాత్రం ఇందులో వేయను, అవి ఆటో తడి డబ్బాలోకి. రెండు నెలలు దాటాక బకెట్ అడుగున నల్లటి పొడి మిగిలింది. వాసన చూస్తే తొలకరి పడ్డ మట్టి వాసన. కుండీలోని కరివేపాకు చెట్టుకు వేశాను.

ఇంకొక చిన్న విషయం. పాల ప్యాకెట్ మూల కత్తెరతో కత్తిరించి, ఆ గోరంత ముక్కను గట్టు మీదే వదిలేస్తాం. ఏరుకునేవాళ్ల చేతికి అది దొరకదు, ఊడిస్తే మోరీలోకే. కాబట్టి మూల పూర్తిగా తెగకుండా, ముక్క ప్యాకెట్‌కే వేలాడేట్టు గాటు పెట్టండి. పాలు పోసుకున్నాక ప్యాకెట్లో కొన్ని నీళ్లు పోసి ఆడించి, ఆ నీళ్లు కుండీలో పోసి, కవరును దండేనికి క్లిప్పు పెట్టండి. మా దండెం మీద ఇప్పుడు బనియన్ల పక్కన పాల కవర్లు ఆరుతుంటాయి. వచ్చినవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

వేరు చేయడం కంటే ముందు రావలసింది, అసలు ఇంటికి తేకపోవడం. మన బతుకమ్మనే చూడండి. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, గునుగు, తంగేడు పేర్చి, ఆడి, చెరువులో వదిలితే ఆ ఆకు, ఆ పువ్వు నీళ్లలోనే కలిసిపోతాయి. కలవనిది ఆ పూలను మోసుకొచ్చిన కవర్, మధ్యలో దూరిన థర్మాకోల్. సద్దుల మర్నాడు భద్రకాళి చెరువు గట్టు మీద నడిస్తే ఏది మిగిలిందో కళ్లతో చూడొచ్చు. అలంకరణ థర్మాకోల్, ప్లాస్టిక్ చెంచాలు, గ్లాసుల వంటివి 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. పెళ్లిళ్లలో వాటి బదులు కాగితం గ్లాసు వచ్చిందని సంతోషిస్తాం గానీ దాని లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, అది ఊరికే కరగదు. మన అడవుల్లో మోదుగాకు ఉంది. మోదుగ విస్తరిలో అన్నం తిని ఎన్నేళ్లయిందో గుర్తుచేసుకోండి. మా తమ్ముడి కూతురి పెళ్లిలో స్టీలు గ్లాసులు పెట్టించాం. కడిగేవాళ్లకు కూలి అయ్యింది, నిజమే. నీళ్ల సీసాలు కొంటే ఎంత బిల్లయ్యేదో చూశాక తమ్ముడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వాడిన ప్యాడ్లు, పిల్లల డైపర్లు పేపర్లో చుట్టి గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. గాజు ముక్కలకూ అంతే, ఎందుకో ఇందాకే చెప్పాను. బ్యాటరీ సెల్లులు, గడువు దాటిన మాత్రలు, ఫ్యూజు పోయిన బల్బులు మా ఇంట్లో ఒక చెప్పుల డబ్బాలో పడి ఉంటాయి, నిండాక ఆటో అక్కకు ఇదీ అని చెప్పి ఇస్తాం.

ఇన్ని చేసినా తెగని పంచాయితీ ఒకటుంది, చిప్స్ ప్యాకెట్లు. మెరిసే పొర, ప్లాస్టిక్ పొర ఒకదానికొకటి అతికి ఉంటాయి కాబట్టి విడదీయడం కష్టం, పాత సామాన్ల బండివాడు చేత్తో కూడా ముట్టడు. మనవడితో బేరం పెట్టాను, చిప్స్ మానితే నానమ్మ సర్వపిండి చేసి పెడుతుందని. వాడు బాగా ఆలోచించి, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒప్పుకున్నాడు.