విదేశీ ప్రయాణానికి మాత్రల డబ్బా, ఇన్సులిన్ పౌచ్: రెండు వారాలు వాడాక నా రివ్యూ

నమస్తే అండీ. ఇదిగో, నా చేతిలో ఉన్నది ఏడు రోజుల మాత్రల డబ్బా. రోజుకు రెండు అరలు, పొద్దుటికి ఒకటి, రాత్రికి ఒకటి. మొన్న అమ్మతో కలిసి రెండు వారాలు విదేశానికి వెళ్లినప్పుడు వాడి చూశాను.

డబ్బా వరకు చూస్తే బాగుంది. బ్యాగులో ఎంత కుదిపినా మూత ఊడలేదు. అక్షరాలు పెద్దవి, అమ్మ కళ్లజోడు లేకుండానే చదివింది. టైమ్ జోన్ మారి పగలేదో రాత్రేదో తెలియని మొదటి రెండు రోజుల్లో ఇది చాలా ఆదుకుంది. అర ఖాళీగా ఉందంటే మాత్ర వేసుకున్నట్టే.

కానీ మందులన్నీ దీంట్లో పోసుకుని విమానం ఎక్కకండి. స్ట్రిప్ నుంచి బయటికొచ్చిన మాత్రకు పేరు ఉండదు. గుండ్రంగా తెల్లగా ఉన్నది బీపీ మాత్రో నిద్ర మాత్రో కస్టమ్స్ వాళ్లకు ఎలా తెలుస్తుంది? మమ్మల్ని కూడా ఆపారు. అమ్మ పాపం వణికిపోయింది. స్ట్రిప్పులు, డాక్టర్ ఉత్తరం విడిగా పెట్టుకున్నాం కాబట్టి చూసి పంపేశారు. ఆ ఉత్తరంలో బ్రాండ్ పేరు ఒక్కటే చాలదు, మందు అసలు పేరు ఉండాలి. పారాసిటమాల్‌నే అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు మరి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. మన డాక్టర్ రాసిన మందే అయినా, వెళ్లే దేశంలో అది నేరం కావచ్చు. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరకపోవడం, నిలకడ లేకపోవడం అనే సమస్యకు) ఇచ్చే యాంఫెటమిన్ మందుల్ని ప్రిస్క్రిప్షన్ ఉన్నా జపాన్‌లోకి తీసుకెళ్లకూడదు. ముక్కు దిబ్బడకు వేసుకునే సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించి ఉన్న మాత్రలు కూడా అనుమతి లేకుండా అక్కడ నిషిద్ధం. జపాన్‌కు నెలకు మించి ప్రిస్క్రిప్షన్ మందులు తీసుకెళ్లాలంటే ముందే అప్లై చేసి ‘యున్యు కకునిన్ షో’ అనే పత్రం తెచ్చుకోవాలి. యూఏఈకి ట్రామడాల్, కోడీన్ లాంటి నొప్పి మందులు తీసుకెళ్లేవాళ్లు ముందస్తు అనుమతి తీసుకోవాలి. టికెట్ బుక్ చేసిన రోజే ఆ దేశ ఆరోగ్య శాఖ లేదా ఎంబసీ సైట్ చూడండి, దయచేసి.

సప్లిమెంట్లే కదా అని వదిలేయకండి. నిద్ర కోసం వేసుకునే మెలటోనిన్ అమెరికాలో మామూలు షాపులో దొరుకుతుంది, కానీ దానికి బ్రిటన్‌లో ప్రిస్క్రిప్షన్ కావాలి. గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ ఆయిల్ సింగపూర్‌లో చట్టవిరుద్ధం. ప్రోటీన్ పౌడర్ అయితే సీల్ తీయని డబ్బాతో, చెకిన్ లగేజీలో వేసేయండి. అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్లకు మించిన పౌడర్ చేతి బ్యాగులో ఉంటే విడిగా తనిఖీ చేస్తారు.

కొన్ని మందులు ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఈ డబ్బాలో వేయకూడదు. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్రలకు ప్లాస్టిక్ పడదు, సత్తువ తగ్గిపోతుంది. అవి వాటి గాజు సీసాలోనే ఉండాలి. రక్తం పలచబడటానికి వాడే డాబిగాట్రాన్‌కు తేమ తగలకూడదు. అందుకే డబ్బాకు ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. నేనైతే ఖాళీగా తీసుకెళ్లి, రూముకు చేరాక నింపుతాను.

ఇక ఈ ఇన్సులిన్ పౌచ్. దీనికి నాలుగున్నర! ఫ్రిజ్ అక్కర్లేదు, ఐస్ అక్కర్లేదు. కాసేపు నీళ్లలో నానబెడితే లోపలి గింజలు జెల్‌లా ఉబ్బుతాయి. ఆ నీరు ఆవిరయ్యే కొద్దీ కుండలో నీళ్లు చల్లబడినట్టే లోపల చల్లబడుతుంది. అర మార్కు ఎందుకు తగ్గించానంటే, గాలి ఆడని పెట్టెలో పెట్టినా, ఉక్కపోత ఎక్కువున్న చోటైనా అంతగా పనిచేయదు. చేతి బ్యాగులో పైనే పెట్టుకోండి. ఇన్సులిన్‌ను మాత్రం చెకిన్ లగేజీలో వేయొద్దు. కింద కార్గోలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టాక కరిగి మామూలుగా కనిపించినా దాన్ని వాడకూడదు.