థండర్‌బర్డ్ మెయిల్స్ బ్యాకప్: ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ టూల్స్ ఎన్‌జీ రివ్యూ

నమస్తే అండి. కొటేషన్లు, ఇన్‌వాయిస్‌లు, ఆర్డర్లు అన్నీ మెయిల్లోనే పెట్టుకుని వ్యాపారం నడిపేవాళ్ల కోసం ఇవాళ్టి రివ్యూ. ఆ మెయిల్‌ని కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో చూసుకుంటుంటే, బయటికి తీసి దాచుకోవడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి టూల్స్ మెనూలోనే ఉన్న ఎక్స్‌పోర్ట్. రెండోది ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ టూల్స్ ఎన్‌జీ అనే ఉచిత యాడ్-ఆన్. నా మాట ముందే చెప్పేస్తాను: కంప్యూటర్ మారేటప్పుడు మొదటిది, ఏళ్ల తరబడి దాచుకోవాలంటే రెండోది.

"మెయిల్స్ నా కంప్యూటర్‌లో కనిపిస్తున్నాయి కదా, ఇంకా బ్యాకప్ ఎందుకు" అని చాలామంది ధీమాగా ఉంటారు. మీ అకౌంట్ ఐమ్యాప్ అయితే ఆ ధీమా వద్దండి. ఐమ్యాప్‌లో సర్వర్ మీద ఏముంటే ఇక్కడా అదే ఉంటుంది. మీ షాపులో కుర్రాడు ఫోన్లో ఒక ఫోల్డర్ డిలీట్ చేశాడనుకోండి, మీ కంప్యూటర్‌లోనూ అది మాయమవుతుంది. బ్యాకప్ అంటే సర్వర్‌తో సంబంధం లేని కాపీ.

ఈ వీడియో కోసం రాణిగంజ్‌లో పంపులు, మోటార్లు అమ్మే ఒక షాపులో, వాళ్ల అనుమతితో, వాళ్ల సిస్టమ్ మీదే చేసి చూశాను. ముందు థండర్‌బర్డ్ సొంత ఎక్స్‌పోర్ట్. ఇది అకౌంట్లు, మెయిల్స్, అడ్రస్ బుక్, సెట్టింగ్స్ అన్నీ కలిపి ఒక జిప్ ఫైల్ చేస్తుంది. కొత్త సిస్టమ్‌లో ఇంపోర్ట్ కొడితే పాతది ఎలా ఉందో అలాగే వచ్చేస్తుంది, అది నిజంగా హాయి. కానీ ప్రొఫైల్, అంటే ఇవన్నీ ఉండే ఫోల్డర్, 2 జీబీ దాటితే ఈ దారి మూసుకుపోతుంది, ఫోల్డర్‌ని మీరే చేత్తో కాపీ చేసుకోవాలి. వ్యాపారం చేసేవాళ్లకి 2 జీబీ ఎంతండీ? అటాచ్‌మెంట్ మెయిల్లో వెళ్లేటప్పుడు అక్షరాల రూపంలోకి మారుతుంది, ఆ మార్పుతోనే సైజు దాదాపు మూడో వంతు పెరుగుతుంది. క్యాటలాగ్ పీడీఎఫ్‌లు పంపుకునే షాపులో ఒక్క సెంట్ ఫోల్డరే అంత దాటేస్తుంది.

చేత్తో కాపీ చేయడం కష్టమేం కాదు. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డర్ ఎదురుగా ఓపెన్ ఫోల్డర్ బటన్ ఉంటుంది. అది నొక్కి, ఫోల్డర్ తెరుచుకున్నాక థండర్‌బర్డ్‌ని పూర్తిగా మూసేసి, అప్పుడు కాపీ చేయండి. లోపల చూడండి, ఇన్‌బాక్స్ అనే పేరుతో ఎక్స్‌టెన్షన్ లేని ఒక ఫైల్ ఉంది. మీ ఇన్‌బాక్స్ మెయిల్స్ మొత్తం ఒకదాని కింద ఒకటి అందులోనే ఉంటాయి, దాన్నే ఎంబాక్స్ అంటారు. పక్కన ఎంఎస్ఎఫ్ అని ఉన్నది సూచిక మాత్రమే, పోయినా మళ్లీ తయారవుతుంది. ఇంకో సంగతి, మీరు డిలీట్ చేసిన మెయిల్ ఆ పెద్ద ఫైల్లోంచి వెంటనే పోదు. ఫోల్డర్ కంపాక్ట్ అయ్యాకే పోతుంది, ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే ఆ ఆప్షన్ ఉంటుంది. కాపీకి ముందు ఆ పని చేయండి, చాలా జాగా మిగులుతుంది.

కాపీ మధ్యలో "ఫైల్ చాలా పెద్దది" అని ఆగిపోయిందా? పెన్‌డ్రైవ్‌లో 64 జీబీ ఖాళీ ఉన్నా సరే, అది ఫ్యాట్ 32 ఫార్మాట్‌లో ఉంటే ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఎవర్నడిగినా ముందు ఫార్మాట్ చూస్తారు. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి. మార్చేటప్పుడు అందులో ఉన్నదంతా పోతుంది, ముందు పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు అసలు యాడ్-ఆన్. యాడ్-ఆన్స్ అండ్ థీమ్స్‌లో వెతికి వేసుకోవచ్చు. ఐమ్యాప్ వాళ్లు ఒక పని ముందే చేయాలి: అకౌంట్ సెట్టింగ్స్‌లో సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్ కింద మెయిల్స్ ఈ కంప్యూటర్‌లో ఉంచమనే టిక్ పెట్టి, అన్నీ దిగేదాకా ఆగండి. ఆ తర్వాత ఫోల్డర్ మీద రైట్ క్లిక్. ఎంబాక్స్, ఈఎంఎల్ (ఒక్కో మెయిల్‌కి ఒక్కో ఫైల్), హెచ్‌టీఎంఎల్, పీడీఎఫ్, ఏది కావాలంటే అది. సబ్‌ఫోల్డర్లు కూడా ఉన్నవి ఉన్నట్టే వస్తాయి.

అందరి చెయ్యీ పీడీఎఫ్ మీదికే పోతుంది. నేను వద్దంటాను. పీడీఎఫ్‌లో మెయిల్ మొహం మాత్రమే ఉంటుంది. ఏ సర్వర్ల మీదుగా ఎప్పుడొచ్చింది అనే హెడర్లు పూర్తిగా ఈఎంఎల్, ఎంబాక్స్‌లలో దక్కుతాయి. రేపు బాకీ గొడవ కోర్టుకెళ్తే అవే కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ జతచేయాలి, ఫైల్ హ్యాష్ విలువ, అంటే ఆ ఫైల్ నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడ్, అందులో రాయాలి. అసలు ఫైలే లేకపోతే దేనికి రాస్తారు? జీఎస్టీ లెక్కలైతే వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. కాబట్టి మొత్తం ఫోల్డర్‌కి ఎంబాక్స్, ముఖ్యమైన పార్టీల ఉత్తరాలకి ఈఎంఎల్.

తెలుగులో సబ్జెక్ట్ రాసేవాళ్లకి ఒక జాగ్రత్త. ఈఎంఎల్ ఫైల్ పేరు సబ్జెక్ట్ నుంచే వస్తుంది. విండోస్‌లో మామూలుగా ఫోల్డర్లతో కలిపి మొత్తం పేరు దాదాపు 260 అక్షరాల్లోపే ఉండాలి. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరమే, కంప్యూటర్ లెక్కలో ఆరు. పేర్లు ఇట్టే పొడవైపోతాయి. అందుకే డెస్క్‌టాప్ మీద ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టకుండా, నేరుగా డ్రైవ్ మొదట్లో చిన్న పేరుతో ఒక ఫోల్డర్ చేసి అందులోకి తీయండి.

లోపం చెప్పాలంటే ఒకటుంది. థండర్‌బర్డ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా యాడ్-ఆన్ కూడా దానికి తగ్గట్టు మారాలి, ఆ వ్యవధిలో పనిచేయకపోవచ్చు. అప్‌డేట్ కొట్టే ముందే ఎక్స్‌పోర్ట్ తీసుకోండి. తీశాక ఇంకో సిస్టమ్‌లో లోకల్ ఫోల్డర్స్‌లోకి ఇంపోర్ట్ చేసి, ఒక పాత మెయిల్ అటాచ్‌మెంట్ తెరిచి చూడండి. అది తెరుచుకున్నాకే పాత సిస్టమ్‌లోంచి ఏదైనా తీసేయండి.

ఇక ప్రొఫైల్ మొత్తం కాపీ చేసుకునేవాళ్లకి: ఆ ఫోల్డర్‌లో మీరు సేవ్ చేసిన మెయిల్ పాస్‌వర్డ్‌లు కూడా ఉంటాయి. వాటన్నిటికీ తాళం లాంటి ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టకపోతే ఆ పెన్‌డ్రైవ్ ఎవరి చేతికి చిక్కినా మీ అకౌంట్ వాళ్లదే. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి, ముందు అది పెట్టండి, తర్వాతే కాపీ తీయండి.