సబ్బు తగిలితే ఎర్రబడిన పసిపాప చొక్కా: మొక్కల రంగులపై స్టూడియో చర్చ

(ప్రత్యక్ష ప్రసారం నుంచి ఎత్తి రాసిన పాఠం. ప్రకటనల విరామాలు తీసేశాం. ఒకరి మాట మీద ఇంకొకరు పడ్డచోట వినపడినంతే రాశాం. తయారీదారు మాటలే ఎక్కువ కనిపిస్తే అది మా పక్షపాతం కాదు, ఆయన గొంతు మహిమ.)

యాంకర్: నమస్కారం. ఫోన్లలో తెగ తిరుగుతున్న ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. ‘నూరు శాతం మొక్కల రంగు, రసాయనాలు లేవు’ అని లేబుల్ ఉన్న లేత పసుపు చొక్కా. తల్లి సబ్బు నీళ్లలో ముంచింది. ముంచిన చోటల్లా ఎర్రటి మరకలు! పాప మెడ మీద దద్దుర్లు కూడా చూపించింది. మొక్కల పేరు చెప్పి పసిబిడ్డలకు ఏం తొడుగుతున్నారు? లేదంటే, ఇది నా సూటి ప్రశ్న, సహజ రంగుల్ని తొక్కేయడానికి సింథటిక్ రంగుల లాబీ ఆడిస్తున్న నాటకమా ఇది? నలుగురు అతిథులున్నారు, నలుగురికీ సమాన సమయం. ముందు సహజ రంగులతో పసిపిల్లల బట్టలు చేసే తయారీదారు గారు.

తయారీదారు: థాంక్యూ అండీ. మొదటి మాట, ఆ చొక్కా మాది కాదు. రెండో మాట, 1856 దాకా ప్రపంచంలో ఏ బిడ్డ ఒంటి మీద చూసినా మొక్క రంగో, పురుగు రంగో, మట్టి రంగో తప్ప ఇంకోటి లేదు. ఆ ఏడాది ఇంగ్లండ్‌లో 18 ఏళ్ల విలియం పెర్కిన్ మలేరియా మందు క్వినైన్ చేయబోయి ఊదారంగు చేశాడు. దేంట్లోంచి? బొగ్గు తారులోంచి! తారులోంచి తీసింది మంచిదట, ఆకులోంచి తీసింది చెడ్డదట. ఎవరు చెప్తున్నారండీ ఈ మాట?

యాంకర్: అంటే లాబీ ఉందంటారు.

తయారీదారు: నేను అనలేదు, మీరే అన్నారు. కానీ కాదని కూడా అనను.

అద్దకం మేస్త్రీ: అది పసుపు కదండీ. సబ్బు తగిలితే ఎర్రబడుద్ది. అందులో...

యాంకర్: వస్తానండీ, మీ దగ్గరికి తప్పకుండా వస్తాను. డాక్టర్ గారూ, ఆ దద్దుర్లు చొక్కా వల్లేనా? అవునా, కాదా?

చర్మ వైద్యురాలు: వీడియో చూసి అవుననీ కాదనీ చెప్పలేనండీ. చెమటకాయలు కావచ్చు, సబ్బు సరిగ్గా జాడించకపోవడం వల్ల కావచ్చు, మెడ దగ్గర గుచ్చుకునే లేబులే కావచ్చు. పసిపిల్లల విషయంలో జాగ్రత్త ఎందుకంటే, వాళ్ల బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం పెద్దవాళ్లకన్నా చాలా ఎక్కువ. చర్మం మీద పడింది లోపలికి వెళ్లే వీలూ ఎక్కువే. పైగా కాలర్ నోట్లో పెట్టుకుని చీకుతారు. అందుకే రంగు మొక్కదా, ఫ్యాక్టరీదా అని కాదు, ఉమ్మికీ చెమటకీ ఆ రంగు ఊడి వస్తోందా అని...

తయారీదారు: ఊడి వచ్చినా ఏమొస్తుంది మేడం? ఆకు రసం! వాళ్ల రంగుల్లోంచి ఏమొస్తుంది? క్యాన్సర్! అజో అనే సింథటిక్ రంగుల్ని 1994లో జర్మనీ నిషేధించింది. జర్మనీ! సింథటిక్ రంగులకు పుట్టిల్లు లాంటి దేశం!

రసాయన అధ్యాపకుడు: అజో రంగులన్నిటినీ కాదండీ. విడిపోయినప్పుడు అమీన్లనే రసాయనాల్లో ప్రమాదకరమైనవి ఇచ్చే వాటినే నిషేధించారు. తర్వాత యూరప్ మొత్తానికీ నిబంధన వచ్చింది. ఒంటికి తగిలే బట్టలో అలాంటి అమీన్ కిలోకి 30 మిల్లీగ్రాములు దాటకూడదు. మిగతా అజో రంగులు...

తయారీదారు: చూశారా, ఒప్పుకున్నారు!

అధ్యాపకుడు: నేను ఒప్పుకున్నది వేరు. అసలు మీరు నాకొకటి చెప్పండి. మీ బట్టలకు మోర్డెంట్ ఏం వాడతారు?

యాంకర్: ప్రేక్షకులకు అర్థమయ్యేలా చెప్పండి సార్.

అధ్యాపకుడు: మొక్కల రంగుల్లో చాలావాటికి నూలును పట్టుకునే శక్తి తక్కువ. రంగుకీ నూలుకీ మధ్య ఒక లోహ లవణం ఉండాలి. దాన్నే మోర్డెంట్ అంటారు. పటిక వాడొచ్చు, ఇనుప లవణమైన అన్నభేది వాడొచ్చు, రాగి లవణమైన మైలుతుత్తం వాడొచ్చు. కొన్నిచోట్ల, ముఖ్యంగా ఉన్నికి, క్రోమియం లవణాలూ వాడారు. పటిక వేరు, క్రోమియం వేరు. లేబుల్ మీద ‘మొక్కల రంగు’ అని మాత్రమే ఉంటే ఈ సంగతి తల్లికి ఎలా తెలుస్తుంది?

తయారీదారు: అన్నభేది అంటే ఇనుమండీ. ఇనుము ఒంట్లో లేదా? రాగి ఒంట్లో లేదా?

అధ్యాపకుడు: మీరేం వాడతారని అడిగాను.

తయారీదారు: మేం ప్రకృతిని వాడతాం.

(స్టూడియోలో నవ్వులు. ప్రశ్న అక్కడే ఆగిపోయింది.)

యాంకర్: సరే, మళ్లీ నా పాయింట్‌కి వస్తున్నా. ఈ వీడియో ఇప్పుడే ఎందుకు బయటికొచ్చింది? దీని వల్ల లాభపడేది ఎవరు?

అధ్యాపకుడు: పిల్లకు ఇప్పుడే దద్దుర్లు వచ్చాయి కాబట్టి ఇప్పుడే వచ్చిందండీ.

తయారీదారు: అంత అమాయకంగా మాట్లాడకండి సార్. చరిత్ర చూడండి. నీలిమందు! 1859లో బెంగాల్ నీలి రైతులు ఎందుకు తిరగబడ్డారు? 1917లో గాంధీ గారు చంపారన్ ఎందుకు వెళ్లారు? రంగు వెనకాల ఎప్పుడూ పెద్ద పెద్ద శక్తులుంటాయి!

యాంకర్: అంటే లాబీ అప్పటి నుంచే ఉంది! చాలా ముఖ్యమైన పాయింట్ ఇది.

అధ్యాపకుడు: ఆ రైతుల్ని పీడించింది మొక్క నుంచి తీసిన నీలిమందే కదండీ! అది సహజ రంగు వ్యాపారం. 1897లో బీఏఎస్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీ ఫ్యాక్టరీ నీలిమందు అమ్మకానికి తెచ్చాక ఆ తోటల గిరాకీ పడిపోయింది. ఇంకో మాట, ఆకులోంచి తీసినా ఫ్యాక్టరీలో చేసినా ఇండిగో అణువు ఒక్కటే. బిడ్డ చర్మానికి అది ఎక్కడ పుట్టిందో తెలియదు. తేడా ఉంటే దాంతోపాటు వచ్చే మలినాల్లో ఉంటుంది, అది రెండువైపులా ఉంటుంది.

తయారీదారు: బిడ్డ చర్మానికి తెలియకపోవచ్చు, తల్లి మనసుకు తెలుస్తుంది!

(చప్పట్లు.)

యాంకర్: అద్భుతంగా చెప్పారు. మేస్త్రీ గారూ, ఒక్క నిమిషం మీకు.

అద్దకం మేస్త్రీ: నీలికి మోర్డెంట్ అక్కర్లేదండీ. తొట్టిలోంచి తీసినప్పుడు బట్ట ఆకుపచ్చగా ఉంటది, గాలి తగిలాక నీలమవుద్ది. మిగతావాటికి నూలుని ముందు కరక్కాయ నీళ్లలో ముంచాలి, లేకపోతే పటిక పట్టదు. పటికతో చేస్తే రంగు తేటగా వస్తది. అన్నభేది వేస్తే నల్లబడుద్ది. మైలుతుత్తం వేస్తే పచ్చదనం తిరుగుద్ది, గట్టిగా నిలబడుద్ది, అందుకని తొందరపడేవాళ్లు దాని జోలికి పోతారు. పసిపిల్లల బట్టకి నేనైతే వెయ్యను. వేసిన మందు ఏదైనా, నీళ్లు తేటపడేదాకా జాడించాల. మనిషి బద్ధకించేది అక్కడే.

(కార్యక్రమం మొత్తంలో అడ్డు లేకుండా సాగిన మాట ఇదొక్కటే.)

అధ్యాపకుడు: ఆయన చెప్పినదానికి అంకె ఒకటి కలుపుతాను. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అని, బట్టల్లో హానికర పదార్థాలు చూసే పరీక్ష ఒకటి 1992 నుంచి ఉంది. అందులో మూడేళ్లలోపు పిల్లల బట్టలకు విడి తరగతి ఉంది. చెమటకు కరిగి బయటికొచ్చే రాగి పెద్దల బట్టలో కిలోకి 50 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటే, పిల్లల బట్టలో 25 దగ్గరే ఆపుతారు. ఉమ్మికి రంగు దిగుతుందా అని కూడా చూస్తారు. చాలా మొక్కల రంగులు తడబడేది ఆ రంగు దిగే పరీక్షలోనే...

తయారీదారు: ఓకో ఎవరిదండీ? మళ్లీ వాళ్లదే! మన పరీక్షకి మనమే...

యాంకర్: వాళ్లదే అంటే లాబీదా?

తయారీదారు: మీకే తెలుసు.

వైద్యురాలు: నేను ఒకటి చెప్పాలి. మొక్కది కాబట్టి పసిపిల్లలకు హాని లేదనుకోవడం తప్పు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టే పిల్లలుంటారు. అలాంటి పసికందులకు గోరింటాకు ముద్ద ఒంటికి పూస్తే ఎర్ర రక్తకణాలు చితికిపోయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అయితే బట్టకు పట్టించిన రంగు...

యాంకర్: గోరింటాకు రంగు బట్ట ప్రాణాంతకమా? కింద స్క్రోలింగ్ వేయండి!

వైద్యురాలు: నేనలా అనలేదు! పూర్తి కానివ్వండి. ముద్ద పూయడం వేరు, బట్టలో మిగిలే కాస్త రంగు వేరు. అలాంటి పిల్లలకు అంతకన్నా పెద్ద ప్రమాదం బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండలు. ఆ నాఫ్తలీన్ వాసన పట్టిన పాత బట్టలు తీసి పుట్టిన బిడ్డకు తొడుగుతారు. దాని గురించి ఎవరూ వీడియో...

తయారీదారు: నాఫ్తలీన్! అదీ తారులోంచి వచ్చిందే! నేను మొదట్నుంచీ చెప్తున్నది ఏంటి?

(ముగ్గురూ ఒకేసారి. వైద్యురాలు పాలిస్టర్‌కు వేసే డిస్పర్స్ రంగుల్లో కొన్ని, ముఖ్యంగా డిస్పర్స్ బ్లూ 106, 124, చర్మ అలర్జీకి పేరుపడ్డవని అన్నట్టు వినిపించింది. తయారీదారు దాన్ని పట్టుకుని మొత్తం సింథటిక్ రంగులకు అంటగట్టారు. ఆమె కాదంటున్నారు, మైకు మాత్రం ఆయన దగ్గరే ఉంది.)

యాంకర్: ఆగండి, ఆగండి. మేస్త్రీ గారూ, మొదట్లో ఏదో అన్నారు, పసుపు అని.

అద్దకం మేస్త్రీ: అవునండీ. పసుపుకి సున్నం తగిలినా సబ్బు తగిలినా ఎర్రబడుద్ది. ఆ చొక్కా మీద నిమ్మకాయ పిండండి, మళ్లీ పసుపే. అదేం మాయ కాదు. అసలు పసుపు ఎండకి నిలవదు, ఉతుకుకి నిలవదు. బిడ్డ బట్ట రోజూ ఉతకాలి కదా, దానికి పసుపెందుకు వేశారో నాకర్థం కాదు.

అధ్యాపకుడు: ఆయన చెప్పింది నిజం. పసుపులో రంగునిచ్చే కుర్‌కుమిన్, సబ్బులాంటి క్షారంలో ఎర్రబడుతుంది. అంటే అందరూ మోసానికి సాక్ష్యంగా చూపిస్తున్న ఆ ఎరుపు, అందులో మొక్క రంగు ఉందనడానికే సాక్ష్యం!

యాంకర్: ఒక్క క్షణం. అంటే వీడియో అబద్ధమా?

అధ్యాపకుడు: వీడియో నిజమే, అర్థం చేసుకోవడం తప్పు. కానీ ఇంకో సగం వినండి. పసుపు ఉందని తేలినంత మాత్రాన చొక్కా భద్రమని తేలలేదు. దాంతో ఏ మోర్డెంట్ వేశారో, ఎంత జాడించారో...

తయారీదారు: అయిపోయింది! ఇంక చర్చే లేదు! సైన్సే చెప్పింది, స్వచ్ఛమైన పసుపని! ఇదే నేను మొదటి నిమిషం నుంచీ చెప్తున్నా!

(మొదటి నిమిషంలో ఆ మాట అన్నది మేస్త్రీ.)

వైద్యురాలు: మరి దద్దుర్లు?

తయారీదారు: సింథటిక్ సబ్బు!

యాంకర్: సమయం ముంచుకొస్తోంది. ఒక్కొక్కరికి 30 సెకన్లు. తయారీదారు గారూ, మీతో మొదలుపెడదాం.

తయారీదారు: తల్లులందరికీ చేతులెత్తి మొక్కి చెప్తున్నా. భయపడకండి. భయపెట్టేవాళ్లు రేపు మీకు ఏం అమ్మబోతున్నారో చూడండి. వేల ఏళ్లుగా బిడ్డల్ని కాపాడిన రంగుల్ని ఒక్క వీడియో చూసి చెత్తబుట్టలో వేస్తామా? రైతు బతకాలి, అద్దకం బతకాలి, నేల బతకాలి...

అధ్యాపకుడు: నేల మాట ఎత్తారు కాబట్టి, ఒక కిలో బట్టకి చాలా రంగుల్లో దాదాపు కిలో వేరో బెరడో కావాలి. ఫ్యాక్టరీ రంగైతే కొద్ది గ్రాములు. అదీ లెక్కలోకి...

తయారీదారు: నా 30 సెకన్లు ఇంకా ఉన్నాయి సార్!

(లేవు.)

వైద్యురాలు: నాకు పది సెకన్లు చాలు. ఏ రంగైనా కొత్త బట్టను ముందు ఉతికి తొడగండి. తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి, రంగు అంటితే బిడ్డకు వేయకండి. నెలల పిల్లలకైతే అసలు రంగు వేయని నూలు...

యాంకర్: థాంక్యూ డాక్టర్ గారూ. మా ప్రేక్షకుల ఓటింగ్ కూడా వచ్చేసింది. దీని వెనక లాబీ ఉందన్నవాళ్లే ఎక్కువ!

అధ్యాపకుడు: మోర్డెంట్ ఏం వాడతారో ఆయన ఇప్పటికీ చెప్పలేదు.

తయారీదారు: మా ప్యాకెట్ మీద ఆకు బొమ్మ ఉంటుంది సార్, చూసుకోండి.

యాంకర్: రేపు ఇదే సమయానికి ఇదే చర్చ రెండో భాగం: ఆ వీడియో వెనక ఎవరు? తయారీదారు గారు రేపు కూడా మనతోనే ఉంటారు.