బనియన్ల యూనిట్ తెనాలిలో పెట్టొచ్చా? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: తెనాలి నుంచి కాలర్. చెప్పండి.

కాలర్: నమస్కారమండీ. బనియన్లు, టీషర్టులు కుట్టే యూనిట్ పెడదామనుకుంటున్నా. స్థలం మా బావమరిదిది. ముందు అందులో సిమెంటు రేకుల వ్యాపారం చేశాడులెండి, కలిసిరాలేదు... ఎనిమిది మెషీన్లు. సబ్సిడీ ఎంతొస్తుంది సార్?

నిపుణుడు: సబ్సిడీ తర్వాత. బట్ట ఎక్కడిది?

కాలర్: తమిళనాడులోని తిరుప్పూరు నుంచి తెప్పిస్తా.

నిపుణుడు: రంగు తేడా వస్తే మళ్లీ తిరుప్పూరే పంపాలి. అంచులు కుట్టే ఓవర్‌లాక్ మెషీన్లో లూపర్, అదే దారం అల్లే కొక్కెం, విరిగిందనుకోండి. తిరుప్పూరులో ఫోన్ చేస్తే మెకానిక్ సామానుతో సహా బండి మీద వచ్చేస్తాడు. మీరు విజయవాడంతా వెతకాలి. ఆ రోజు ఎనిమిదిమంది కూలీ ఊరికే పోతుంది. తిరుప్పూరులో బనియను ఒక్క చోట తయారవదు బాబూ. అల్లేది ఒకరు, రంగేసేది ఒకరు, ఉతికితే కుంచించుకుపోకుండా గుడ్డని కాంపాక్టింగ్ చేసేది ఇంకొకరు, ప్రింటు మరొకరు. చాలావరకు జాబ్ వర్కే, అంటే వేరేవాళ్ల సరుకు మీద కూలీకి చేసే పని. అందుకే పది మెషీన్లవాడు కూడా పెద్ద ఆర్డరుకి ఊఁ అనగలడు. ముందే షెడ్డు వేయకండి.

కాలర్: ఇక్కడ కూలీ తక్కువ కదా సార్?

నిపుణుడు: కూలీ తక్కువే, చెయ్యి తిరగలేదు. బనియన్ గుడ్డ సాగుతుంది. జాకెట్లు కుట్టిన చేత్తో లాగి కుడితే మెడ పట్టీ అలలు తేలుతుంది.

కాలర్: అవునండి. మరి సబ్సిడీ...

నిపుణుడు: మళ్లీ అదేనా! సబ్సిడీతో మెషీను వస్తుంది, మెకానిక్ రాడు.

కాలర్: అయితే అన్నీ ఒకే ఊళ్లో ఉంటేనే మంచిదంటారు.

నిపుణుడు: అలాగని అనను. 2011లో తిరుప్పూరు మీదుగా పోయే నొయ్యల్ నది కాలుష్యం కేసులో మద్రాస్ హైకోర్టు అక్కడి డైయింగ్, అదే రంగులేసే, యూనిట్లు మూసేయమంది. మూసింది డైయింగే, దెబ్బ మాత్రం ఊరందరికీ. అల్లిన గుడ్డ రంగుకి ఎక్కడికి పోవాలి? మీరు మూడు నెలలు అక్కడ పనిచేసి రండి. తర్వాత రెండు మెషీన్లతో చుట్టుపక్కల స్కూళ్లకు పీటీ టీషర్టులు కుట్టండి. షెడ్డు మాత్రం...

కాలర్: ముందే వేయనండి.

యాంకర్: ధన్యవాదాలు. సిరిసిల్ల నుంచి.

కాలర్: సార్, మా ఇంట్ల నాలుగు సాంచెలు, అంటే మరమగ్గాలు, ఉన్నయి. బతుకమ్మ చీరలు నేసినం. ఆర్డర్ లేకుంటే సాంచెలు బందే. ఏం జెయ్యాలె?

నిపుణుడు: 2017లో సర్కారు ఆ చీరల ఆర్డరు మొదలుపెట్టినప్పుడు ఊరికి ఊపిరొచ్చిందమ్మా, కాదనను. కానీ కొనేది ఒక్క సర్కారే అయితే కష్టం. నలుగురైదుగురు కలిసి బయటి వ్యాపారికి నమూనా చూపించండి, ఒక్క సాంచె మీదైనా సరే.

యాంకర్: థాంక్యూ అమ్మా. చీమకుర్తి కాలర్, త్వరగా.

కాలర్: సార్, గెలాక్సీ గ్రానైట్ మా దగ్గరే కదా, పాలిషింగ్ యూనిట్...

నిపుణుడు: రాయి మీదే, అది ఎక్కడికీ పోదు. కానీ బ్లాకులు బ్లాకులుగానే చైనాకి ఎక్కుతుంటే, పాలిష్ చేసిన పలక కొనేదెవరో ముందు చూసుకున్నారా? షెడ్డు వేయలేదు కదా?

కాలర్: పోయిన నెలే వేసేశాం సార్.

యాంకర్: సమయం అయిపోయింది సార్. నమస్కారం.