చిన్న రివాల్వర్‌కి గ్రిప్ (చేత్తో పట్టుకునే పిడి) మారుస్తున్నారా? ముందు నొప్పి ఎక్కడో చూడండి

(నెల్లూరులో లైసెన్స్ ఉన్న ఆయుధాల షాపు. గాజు బల్ల మీద గుడ్డ, దాని మీద తెరిచి పెట్టిన .32 (తూటా సైజు) రివాల్వర్. సిలిండర్ (తూటాలు పెట్టే తిరిగే భాగం) ఖాళీ.)

నమస్కారం అండీ. ముందే ఒక మాట. ఈ వీడియో మొత్తం షాపులోనే, షాపాయన ఎదురుగానే తీశాం. బల్ల మీద ఒక్క తూటా కూడా లేదు. ఇంట్లో మీరు గ్రిప్ పట్టుకుని చూసుకునేటప్పుడు కూడా అంతే. తూటాలు వేరే గదిలో పెట్టి, సిలిండర్ ఖాళీగా ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాకే చేతిలోకి తీసుకోండి.

ఈయన మా బాబాయ్. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులు ఉన్నాయి. పట్టుబడి అయిన రోజు చేతిలో డబ్బు ఉంటుంది, ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. అందుకని ఎప్పుడో లైసెన్స్ తీసుకున్నాడు. ఇది కాన్పూర్‌లో తయారైన .32.

బాబాయ్: పేల్చినప్పుడల్లా వేలు వాచిపోతోంది రా. మెత్తటి రబ్బరు గ్రిప్ ఏదన్నా ఉంటే వేయించు.

నేను: ఏ వేలు బాబాయ్? చూపించు.

(దగ్గరగా: బాబాయ్ కుడిచెయ్యి. నడిమి వేలి కణుపు పైన కమిలిన మచ్చ.)

చూశారుగా. దెబ్బ అరచేతికి కాదు, నడిమి వేలి కణుపుకి తగిలింది. దీనికి ఒక్క రబ్బరు మెత్తదనంతో ఒరిగేదేం లేదు. ఎందుకో చెప్తాను.

.32 అసలు గట్టిగా తన్నే తూటా కాదు. కానీ తుపాకి బరువు తగ్గేకొద్దీ అదే తూటాకి అది వెనక్కి వచ్చే వేగం పెరుగుతుంది. 2014లో కాన్పూర్ నుంచి వచ్చిన నిర్భీక్ రివాల్వర్‌నే తీసుకోండి. టైటానియం మిశ్రమంతో చేశారు, బరువు సుమారు అర కిలో. ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులో పట్టాలని అలా చేశారు. బ్యాగులో సుఖంగా ఉండేది చేతిలో అంత సుఖంగా ఉండదు. పైగా గొట్టం మన చేతికి పైన ఉంటుంది కదా, పేలగానే మూతి పైకి లేస్తుంది. అంటే తుపాకి వెనక్కి రావడంతో పాటు చేతిలో తిరుగుతుంది కూడా.

(దగ్గరగా: ట్రిగ్గర్ గార్డ్, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు కమ్మీ వెనక, గ్రిప్ ముందు వైపు ఉన్న ఖాళీలో పెన్సిల్ పెట్టి చూపించడం.)

ఇదిగో, అసలు సంగతి ఈ ఖాళీలో ఉంది. చిన్న రివాల్వర్లకి కంపెనీ వాళ్లిచ్చే గ్రిప్పులు పల్చగా ఉంటాయి. ట్రిగ్గర్ గార్డ్ వెనక ఇంత సందు మిగిలిపోతుంది. తుపాకి తిరిగినప్పుడు ఆ గార్డ్ వచ్చి నడిమి వేలి మీద కొడుతుంది. ఈ సందు నింపేస్తే సగం నొప్పి అక్కడే పోతుంది. అమెరికాలో పాత స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లకి టైలర్ టీ-గ్రిప్ అని ఒక చిన్న లోహపు ముక్క దొరుకుతుంది. అది చేసే పని ఇదొక్కటే, ఆ సందు పూడ్చడం. అందులో మెత్తదనం అనే మాటే లేదు, లోహం కదా!

అదే నొప్పి బొటనవేలి సందులో వస్తుంటే మాత్రం కథ వేరు. గ్రిప్ వెనక ఇనుప అంచు సన్నగా ఉండి కోసుకుపోతోందన్నమాట. అప్పుడు వెనక వైపు కూడా కప్పేసే రబ్బరు గ్రిప్ బాగా పనిచేస్తుంది. దెబ్బ వెడల్పాటి జాగా మీద పరుచుకుంటుంది. అయితే దానికో ఖరీదు ఉంది. వెనక రబ్బరు వచ్చినంత మేర చెయ్యి వెనక్కి జరుగుతుంది, ట్రిగ్గర్ దూరమవుతుంది. పొట్టి వేళ్లవాళ్లకి అందదు. అందకపోతే చెయ్యి పక్కకి తిప్పి లాగుతారు, గురి తప్పుతుంది.

దీనికి పరీక్ష తేలికే. ఖాళీ తుపాకిని గోడ వైపు పెట్టి మామూలుగా పట్టుకోండి. ముంజేయి, గొట్టం ఒకే వరసలో ఉండాలి. అలా ఉండగా చూపుడువేలి మొదటి కణుపు లోపలి మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆనితే గ్రిప్ మీకు సరిపోయినట్టే. గోరు దగ్గరి కొస మాత్రమే ఆనిందా, అది మీకు లావు.

కొనే ముందు ఎంత లావు కావాలో తెలుసుకోవడానికి ఒక చౌక ఉపాయం ఉంది.

(బల్ల మీద పాత సైకిల్ ట్యూబు. కత్తెరతో రెండు వేళ్ల వెడల్పు ముక్క కోసి గ్రిప్‌కి తొడగడం.)

పాత సైకిల్ ట్యూబు ముక్క ఒక పొర వెయ్యండి, పట్టుకుని చూడండి. చాలకపోతే ఇంకో పొర. ట్రిగ్గర్‌కి, హామర్‌కి (వెనక ఉండే, తూటాని పేల్చే సుత్తికి) మాత్రం ఎక్కడా అడ్డం రాకూడదు.

బాబాయ్: ఇదే బాగుంది కదరా, ఉంచేస్తే పోదా?

కొలతకి బాగుంటుంది బాబాయ్. నువ్వు చొక్కా బయటికి వదులుతావు. రబ్బరు చొక్కాని పట్టేసుకుంటుంది, తీసేటప్పుడు గుడ్డతో సహా వస్తుంది. మన ఎండలకి కోటు వేసుకునేవాడెవడు? పల్చటి చొక్కా కింద నడుముకి పెట్టుకునేవాళ్లకి పొట్టి గ్రిప్, నున్నటి చెక్క మేలు. చిటికెన వేలు కింద వేలాడుతుంది గానీ నా మటుకు అది పెద్ద ఇబ్బంది కాదు. రోహిణి కార్తెలో చెయ్యి చెమటకి జారుతుంది అనుకుంటే నున్నటి చెక్క కాకుండా గళ్లు చెక్కింది అడగండి. ఇంట్లో బీరువాలోనే ఉండే తుపాకి అయితే ఈ లెక్కలేం అక్కర్లేదు, నిండుగా పట్టేంత పొడుగు గ్రిప్ వేయించుకోండి.

ఇక దొరకడం సంగతి. హోగ్, పాక్‌మేర్ లాంటి విదేశీ కంపెనీల గ్రిప్పులు ఎక్కువగా స్మిత్ అండ్ వెసన్ లాంటి ఫ్రేముల (తుపాకి అసలు చట్రాల) కొలతకి చేసినవి. కాన్పూర్ .32 ఫ్రేము వేరు, వాటిని అరగదీసి ఇరికించాలని చూడకండి. 2023లో వచ్చిన ప్రబల్ లాగా సిలిండర్ పక్కకి తెరుచుకునే రకమైతే ఇంకోటి చూడాలి. ఎడమ పక్క చెక్క పైభాగం ఉబ్బెత్తుగా ఉంటే ఖాళీ తూటాలు బయటికి వచ్చేటప్పుడు దానికి తగిలి ఆగిపోతాయి. మధ్యకి విరిచి తెరిచే నిర్భీక్ లాంటి వాటికి ఈ బాధ లేదు.

మనకి ఉదయగిరి దగ్గరే ఉంది. చెక్క చెంచాలు చెక్కే చేతులకి గ్రిప్ ఒక లెక్కా? కానీ రివాల్వర్ పట్టుకెళ్లి వడ్రంగి ముందు పెట్టకూడదు. లైసెన్స్ లేని మనిషి చేతికి ఆయుధం అప్పగించడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. షాపాయన అట్టముక్క మీద ఆకారం గీసిస్తారు, దాంతో చెక్క చేయించి తెస్తే ఇక్కడే బిగిస్తారు. ఎర్రచందనంతో చేయిద్దామా అని ఈ మధ్య ఒకాయన అడిగాడు. తుపాకికి లైసెన్స్ ఉందండీ, ఆ చెక్కకి కాగితాలేవి?

(షాపాయన స్క్రూ బిగిస్తున్నారు.)

బిగించేటప్పుడు చూడండి, స్క్రూ ఆగిన చోట ఆపేశారు. ఇంకో చుట్టు తిప్పితే చెక్క చీలుతుంది. తర్వాత ఖాళీ తుపాకి హామర్‌ని మెల్లగా వెనక్కి లాగి వదిలి, లోపలి స్ప్రింగు ఎక్కడా చెక్కకి రాసుకోవట్లేదని చూశారు. గ్రిప్ కింద ఫ్రేము మీద నంబరు ఉంటే దాన్ని గీకడం, రంగు వెయ్యడం లాంటివి అస్సలు వద్దు. అదీ నేరమే.

రబ్బరు వేయించుకున్నవాళ్లు నెలకోసారి గ్రిప్ విప్పి చూడండి. మన సముద్రపు గాలికి, చెమటకి దాని కింద తేమ నిలిచి ఇనుము తుప్పు పడుతుంది. బయటికి ఏమీ కనపడదు. గుడ్డతో తుడిచి, రెండు చుక్కల తుపాకి నూనె పల్చగా రాసి మళ్లీ బిగించుకోవడమే.