నిలబెట్టి చూస్తేనే బొంత: ఇంట్లో డిజైన్ గోడ తయారీ

అందరికీ నమస్కారం. అతుకుల బొంతకు బ్లాకులు, అంటే గుడ్డ ముక్కలు కలిపి కుట్టిన చదరాలు, సిద్ధం చేసి పెట్టుకున్నాక, ఏది ఏ వరసలో రావాలో తేల్చుకోవడానికి వాటిని మంచం మీదో నేల మీదో పరుస్తాం. ఆ అలవాటు మానుకోమని అడగడానికే ఈ ప్రసంగం. నేల మీద పరిస్తే కాళ్ల దగ్గరున్న బ్లాకు పెద్దదిగా, అవతలి కొసన ఉన్నది చిన్నదిగా కనబడుతుంది. ముదురు రంగులన్నీ ఒకే మూలకు చేరినా తెలియదు. అదే నిలువుగా పెట్టి ఏడెనిమిది అడుగులు వెనక్కి జరిగితే మొత్తం ఒక్కచూపులో అందుతుంది. దానికి గోడకు ఆనించే రెండు పలకలు చాలు, అవే మన డిజైన్ గోడ. మేకు కొట్టనక్కర్లేదు, కాబట్టి అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లకూ ఇబ్బంది లేదు.

ముందు కొలత చూసుకుందాం. 12 అంగుళాల బ్లాకు అంటే బొంతలో కుట్టేశాక కనబడే కొలత. చుట్టూ కుట్టుకు పావు అంగుళం వదులుతాం కనుక పలక మీద అది 12½ అంగుళాలు. వరసకు ఆరు పెడితే 75. రెండు మీటర్ల చదరమంటే 78 అంగుళాల పైమాటే, ఆరు వరసలు సుఖంగా పడతాయి. అంత పలక ఒక్కటిగా చేస్తే గుమ్మంలో తిప్పలేం. మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తుతో రెండు చేసి పక్కపక్కన నిలపండి. పని లేనప్పుడు బీరువా వెనక్కి పోతాయి.

మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న థర్మోకోల్ షీట్లు ఎనిమిది తీసుకోండి. రెండు మీటర్ల చెక్క రీపర్లు (సన్నని పట్టీలు) నాలుగు, తెల్ల ఫెవికాల్ కావాలి. ఒక్కో పలకకు నాలుగు షీట్లు అంచుకు అంచు కలిపి, వెనక వైపు రెండు రీపర్లను నిలువుగా అంటించండి. పైన బరువు పెట్టి ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. థర్మోకోల్ తడి పీల్చదు, జిగురు నెమ్మదిగా ఆరుతుంది. ఇక్కడ ఒక్క జాగ్రత్త ముఖ్యం: సన్‌మైకా అంటించే రబ్బరు జిగురు వాడొద్దు. అందులో టోలుయీన్ లాంటి ద్రావకాలుంటాయి, థర్మోకోల్‌ను కరిగించి గుంటలు చేస్తాయి. స్ప్రే జిగుళ్లు చాలావాటితో కూడా ఇదే గొడవ.

అసలు పని చేసేది పైన వేసే ఫ్లానెల్, అంటే నూగున్న మెత్తటి గుడ్డ. దాని నూగు కాటన్ పోగులను పట్టుకుంటుంది, అందుకే బ్లాకు పిన్ను లేకుండా నిలుస్తుంది. గుడ్డల దుకాణాల్లో అడిగేటప్పుడు ఒక కాటన్ ముక్క వెంట తీసుకెళ్లండి. ఫ్లానెల్‌ను నిలువుగా పట్టుకుని ముక్కను అరచేత్తో అద్ది చూడండి. జారిపోతే ఆ గుడ్డ పనికిరాదు. 54 అంగుళాల పన్నా అయితే రెండు పలకలకూ కలిపి 5 మీటర్లు. 36 పన్నాయే దొరికితే మధ్యలో అతుకు వేయకండి, ఆ గీత కంటికి అడ్డొస్తుంది. అర మీటరు వెడల్పు పలకలు నాలుగు చేసుకుని, షీట్లను నిలువుగా అమర్చి, 10 మీటర్లు కొనండి. అప్పుడు రీపర్లు ఎనిమిది పడతాయి. రంగు లేత బూడిద అయితే మంచిదని మా అభిప్రాయం. తెల్ల ఫ్లానెల్ మీద తెల్ల బ్లాకుల అంచులు కలిసిపోతాయి.

గుడ్డను ముందే ఉతికి ఆరేయండి. గంజి పెట్టొద్దు. ముందు వైపు జిగురు చుక్క కూడా పడకూడదు, తడి పైకి ఊరితే నూగు గట్టిపడి పట్టు పోతుంది. నాలుగు వైపులా పది సెంటీమీటర్లు వెనక్కి మడిచి, వెనక మాత్రమే అంటించండి. ముడత పోయేంత లాగితే చాలు. ఇంకా బిగిస్తే పలక విల్లులా వంగుతుంది.

నిలబెట్టేటప్పుడు అడుగు భాగం గోడకు నాలుగంగుళాలు ఎడంగా ఉంచితే ఆ కొద్దిపాటి వాలుకు బ్లాకులు బాగా ఆనుకుంటాయి. పై అంచును కిటికీ చువ్వకో కర్టెన్ కొక్కేనికో తాడుతో కట్టండి. కింద రెండు ఇటుకలు పెడితే రీపర్లకు చెదలు అంత తేలిగ్గా అందవు. కార్తీక మాసం వానల్లో గోడ చెమ్మగిల్లుతుంది, అప్పుడప్పుడు పలకలు జరిపి వెనక గాలి ఆడనివ్వండి. దీపానికి, ఇస్త్రీ పెట్టెకు దూరం తప్పనిసరి. థర్మోకోల్ వేడికి కరుగుతుంది, నిప్పు తగిలితే మండుతుంది.

ఫ్యాన్ లేకుండా మన ఊళ్లో కూర్చోలేం, ఆ గాలికి బ్లాకులు రాలతాయి. పై అంచున రెండు గుండు పిన్నులు గుచ్చండి, అవీ కుట్టులోకి పోయే ఆ పావు అంగుళంలోనే. పట్టు రవికె ముక్కలు నూగుకు అసలు అంటవు, పైగా పిన్ను రంధ్రం మానదు, కాబట్టి వాటికి ఇది మరీ అవసరం.

శ్రీకాళహస్తి కలంకారీ ముక్కల్లో బొమ్మలకు తలా పాదం ఉంటాయి. తలకిందులైన నెమలి నేల మీద తప్పించుకుంటుంది, నిలువు పలక మీద వెంటనే దొరికిపోతుంది. వెంకటగిరి నూలు పల్చన, కింద ఉన్న రంగు పైకి కనబడుతుంది. బొంత లోపల పెట్టబోయే దూది పొర రంగు గుడ్డనే దాని వెనక ఉంచి చూడండి.

అమరిక కుదిరిందనిపిస్తే ఫోన్లో ఫొటో తీసి నలుపు-తెలుపులోకి మార్చండి. రంగుల ఆకర్షణ పోయి, ఎక్కడ మరీ ముదురైందో బయటపడుతుంది. పగటి వెలుగులో ఒకసారి, ట్యూబ్‌లైట్ కింద ఒకసారి చూడాలి. తర్వాత ప్రతి బ్లాకుకూ వరస సంఖ్య, స్థానం సంఖ్య రాసిన చీటీ గుచ్చి, ఒక్కో వరసే దించి కుట్టి, మళ్లీ అక్కడే అంటించండి. ఆరు బ్లాకుల వరసలో అయిదు కుట్లు, ఒక్కోటీ అర అంగుళం తింటుంది. అంటే కుట్టిన వరస 72½ అంగుళాలకు వస్తుంది, కింద కుట్టని వరస 75 దగ్గరే ఉంటుంది. ఆ తేడా చూసి విప్పేయకండి, కింది వరస కుట్టాక కొలవండి. అప్పుడూ పావు అంగుళం కన్నా ఎక్కువ తేడా వస్తే, ఏదో ఒక బ్లాకు 12½ లేదని, లేదా కుట్టు పావు అంగుళం దగ్గర పడలేదని అర్థం.